మా వీధిలో యురేనియం పేరు

బోరబండ పేరులోనే బండ వున్నది. సనత్‌నగర్ ఫ్యాక్టరీలకూ జూబిలీహిల్స్ బంగళాలకూ నడుమ, ఇరుకు సందుల్లో ఇళ్లు ఒకదాన్నొకటి ఒరుసుకొని నిలబడ్డ ఈ బస్తీ కిందా, పైన ఆ బంగళాల కిందా వున్నది ఒకటే రాయి. సుమారు 250 కోట్ల సంవత్సరాలనాటి గ్రానైటు. కొండమీద ఆ రాయిని నునుపు చేసి హాలులో పరుస్తారు. కింద అదే రాయి పారకు లొంగక మేస్త్రీచేత తిట్లు తింటుంది. ఇటువంటి గ్రానైటులో టన్నుకు కొన్ని గ్రాముల చొప్పున యురేనియం వుంటుందని భూగర్భశాస్త్రం చెబుతున్నది. అందులో అధికభాగమైన యురేనియం-238 సగానికి సగం తరిగిపోవటానికి 447 కోట్ల సంవత్సరాలు పడుతుంది. లెక్కవేస్తే, ఈ బండ గట్టిపడ్డనాడు దానిలో వున్న ఆ యురేనియంలో మూడోవంతు దాకా ఇప్పటికి సీసమైపోయి వుండాలి. మిగిలింది ఇంకా మా గడపల కింద, ఎవరినీ అడగకుండా, తన పని తాను చేసుకుపోతున్నది.

అంత దగ్గరగా వున్నదానికి మా వీధిలో మాట లేదు. పుస్తకాల్లో మాత్రం ఒకటికి మూడు భాషల మాటలున్నాయి. ఆ మూడూ ఒకదానికొకటి ఎదురుపడ్డ సందర్భం చెబుతాను.

నేను తెలుగు మాధ్యమంలో రసాయనశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. మా పక్కింటి అమ్మాయి ఉర్దూ మీడియంలో చదువుతున్నది. వాళ్ల తాత ఒకప్పుడు కువైట్‌లో నీళ్ల ట్యాంకరు నడిపి వచ్చినవాడు. తండ్రి కొండమీద సినిమా సెట్లకు వడ్రంగం చేస్తాడు. ఆ అమ్మాయి ఒకనాడు పుస్తకం పట్టుకొచ్చి, "సార్, తాబ్‌కార్ అనాసిర్ అంటే మీ తెలుగుల ఏమంటరు?" అని అడిగింది. రేడియోధార్మిక మూలకాలు అంటామన్నాను. "ధార్మికమంటే? దేవునిదా?" అన్నది.

నవ్వాను గాని, ఆ ప్రశ్న నాకు కొత్తది కాదు. నేను పాఠం చెప్పిన తొలిరోజుల్లో ఒక కుర్రవాడు లేచి, "రేడియోధార్మికత అంటే పొద్దున రేడియోలో వచ్చే భక్తిరంజనా మాస్టారూ?" అని క్లాసునంతా నవ్వించాడు. వాడిది అల్లరే. కాని అల్లరికి సందు ఇచ్చింది మాట. సగం ఇంగ్లీషు, సగం సంస్కృతం. 'ధర్మం' అంటే ఇక్కడ గుణమని, పదార్థ ధర్మమని, శాస్త్రం తెలిసినవాడికి తెలుసు. శాస్త్రం తెలియనివాడికి తెలియజేయటానికే గదా మాట కావలసింది! ఆ అమ్మాయి పుస్తకంలోని 'తాబ్‌కార్' పారసీ మాట. తాబ్ అంటే వేడీ వెలుగూ, కార్ అంటే పని. వెలుగు పనిచేసేది. వినసొంపుగానే వుంది. కాని మా వీధిలో ఉర్దూ ఇంటిభాషగా వున్న పదిమందిని అడిగితే ఒక్కరూ ఆ మాట చెప్పలేదు. 'అనాసిర్' మాత్రం అచ్చమైన అరబ్బీ. 'ఉన్సుర్' అంటే మూలకం, దాని బహువచనం 'అనాసిర్'. నేటి అరబ్బీలో ఈ 'ఉన్సుర్' నుంచే జాతి దురహంకారానికి కూడా మాట పుట్టింది - 'ఉన్సురియ్యా'. మూలం వెదుక్కుంటూ పోవటం రసాయనశాస్త్రంలో ఒకచోటికీ, రాజకీయాల్లో మరొకచోటికీ తీసుకుపోతుంది కాబోలు.

ఆనాటినుంచి ఆమె ఉర్దూ పుస్తకమూ, నా తెలుగు పుస్తకమూ, వాళ్ల తాత అటక మీద వున్న ఒక అరబ్బీ నిఘంటువూ ముందు పెట్టుకొని కూర్చోవటం మాకు అలవాటైంది.

మూలకాల పేర్ల దగ్గర పెద్ద పేచీ లేదు. జర్మన్ రసాయనశాస్త్రజ్ఞుడు క్లాప్రోత్ 1789లో ఒక కొత్త లోహపు ఉనికిని కనిపెట్టి, అంతకు ఎనిమిదేళ్ల ముందు హెర్షెల్ కనుగొన్న యురేనస్ గ్రహం పేరు దానికి పెట్టాడు. దానిని అరబ్బీవాళ్లు 'యూరానియూమ్' అన్నారు, ఉర్దూవాళ్లు 'యూరేనియమ్' అన్నారు, మనం 'యురేనియం' అన్నాం. రేడియం వాళ్లకు 'రాదియూమ్'. అరబ్బీలో 'ప' లేదు గనుక పొలోనియం 'బులూనియూమ్' అయింది, ప్లుటోనియం 'బులూతూనియూమ్' అయింది. క్యూరీ దంపతులు 1898లో పొలోనియానికి ఆ పేరు పెట్టేనాటికి పోలెండు అనే స్వతంత్ర రాజ్యం పటంలో లేదు. దేశాన్ని మూడు సామ్రాజ్యాలు పంచుకొని తింటున్నాయి. పరాయి పాలనలో పుట్టిపెరిగిన మరియా తన దేశాన్ని మూలకాల పట్టికలో ఎక్కించింది. ఆ సంగతి చెప్పినప్పుడు అమ్మాయి కళ్లు పెద్దవి చేసుకొని విన్నది. పరమాణు సంఖ్య చెప్పినప్పుడు అట్లా వినలేదు.

పేరు చుట్టూ అల్లుకున్న మాటల దగ్గరే అసలు తేడా వస్తుంది. పరమాణువు మధ్యభాగాన్ని మనం 'కేంద్రకం' అన్నాం. ఉర్దూవాళ్లు 'మర్కజ్' నుంచి 'మర్కజా' అని చేసుకున్నారు. రెండూ ఒకే తోవ, రెండూ కేంద్రం నుంచి వచ్చినవే. అరబ్బీవాళ్లు మాత్రం 'నవాత్' అన్నారు. నవాత్ అంటే ఖర్జూరపు గింజ. కండ మధ్యలో గట్టిగా, చిన్నగా, చెట్టునంతా తనలో దాచుకొని వుండే గింజ. దానినుంచే 'నవవీ' - అణుసంబంధమైనది. ఎడారిలో ఒంటెలు కాసేవాడికి కూడా నవాత్ తెలుసు. మనకు టెంక వున్నది. మామిడి టెంకకన్నా మంచి ఉపమానం ఎక్కడ దొరుకుతుంది? కాని 'టెంక' అని రాస్తే శాస్త్రానికి గౌరవం తగ్గుతుందని మన పండితుల భయం. అరబ్బీ పండితుడికి ఖర్జూరం దగ్గర లేని సిగ్గు మనకు మామిడిపండు దగ్గర ఎందుకు వచ్చింది?

ఇక పరమాణువు. పాత అరబ్బీ తార్కికులు దానిని 'జౌహర్' అన్నారు. పారసీ 'గౌహర్' నుంచి వచ్చిన మాట, రత్నమనీ, సారమనీ అర్థం. ఉర్దూలో ఈనాటికీ అణుశక్తిని 'జౌహరీ తవానాయీ' అంటారు. జౌహరీ అంటే రత్నాల వర్తకుడు కూడా. జౌహర్‌కు బహువచనం జవాహిర్. జవాహర్‌లాల్ ప్రభుత్వమే 1948 ఆగస్టులో అణుశక్తి సంఘాన్ని ఏర్పాటు చేసిందంటే, భాష తమాషాలు భాషవి! నేటి అరబ్బీవాళ్లు మాత్రం జౌహర్‌ను వదిలి, 'ధర్ర' అనే మాట తీసుకున్నారు. ఎండపొడలో ఆడే ధూళికణం, చిన్న చీమ, అణుమాత్రం - ఇవన్నీ దాని అర్థాలే. ఖురానులో వున్న మాట, కనుక సామాన్య ముస్లిముకు ఎరుకైన మాట. ఉర్దూలోకి వచ్చి అది 'జర్రా' అయింది.

ఈ ముక్క చెబుతుండగానే ఆ అమ్మాయి, "జర ఆగుండ్రి సార్, రాసుకుంట" అన్నది.

జర! ఉర్దూ 'జరా' అనే మాట ఈ అరబ్బీ 'జర్రా' నుంచే వచ్చిందని నిఘంటుకారులంటారు. ఉర్దూనుంచి అది తెలంగాణ తెలుగులోకి దిగి 'జర' అయింది. "జర జరుగు", "జర చూడు", "జర ఉప్పెయ్యి". బోరబండ స్టేషనులో ఎం.ఎం.టి.ఎస్. రైలు ఎక్కేటప్పుడు వెనకవాడు ముందువాడితో అనే మాట, కూరగాయల బండి దగ్గర బేరమాడే ఆడమనిషి అనే మాట, పరమాణువుకు అరబ్బీ పేరే. మా వీధిలో పరమాణువు రోజుకు వెయ్యిసార్లు పలుకుతున్నది. ఆంధ్రదేశపు పాఠ్యగ్రంథాల్లో నలభై ఏళ్లపాటు ఈ 'జర' గ్రామ్యమనీ, తురకమనీ వెలిగా వుండిపోయింది. పరమాణువు అనే మాట మాత్రం కణాద మహర్షి దర్శనం నుంచి నేరుగా క్లాసులోకి వచ్చి కూర్చుంది. కణాదుడి మీద నాకు ఫిర్యాదు లేదు. ప్రపంచంలోకెల్లా ప్రాచీనమైన పరమాణు సిద్ధాంతాల్లో ఆయనది ఒకటి. ఫిర్యాదల్లా గుమ్మం దగ్గర కావలి కూర్చున్నవాళ్ల మీద.

అరబ్బీ మాట అనగానే కొందరికి ముఖం చిట్లిపోతుంది. హక్కు, అసలు, జవాబు, ఖాళీ, మామూలు, వకీలు - ఇవి ఎక్కడివని అడిగితే తెల్లబోతారు. 'రైతు' అరబ్బీ 'రఇయ్యత్' నుంచి వచ్చినవాడే. ఈ మాటలు తీసేస్తే మన రైతాంగ ఉద్యమపు కరపత్రం ఒక్కటీ నిలవదు. మనం గొంతు చించుకొని అరిచే 'ఇంక్విలాబ్' కూడా అరబ్బీయే. కాకపోతే నేటి అరబ్బీలో ఆ మాటకు సైనిక కుట్ర అని అర్థం, విప్లవాన్ని వాళ్లు 'సౌర' అంటారు. మాటలు ప్రయాణం చేస్తాయి, చేరినచోట కాపురం పెడతాయి. బయలుదేరిన ఊరికి తిరిగి వెళితే వాటినే గుర్తుపట్టరు.

ఇక్కడ మన నగరపు చరిత్ర కొంత చెప్పుకోవాలి. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఏర్పడింది. ఒక భారతీయ భాష - ఉర్దూ - మాధ్యమంగా ఆధునిక శాస్త్రాలన్నీ చెప్పటానికి పూనుకున్న విశ్వవిద్యాలయం. దానికి పుస్తకాలు కావాలి గనుక అంతకు ముందే, 1917లో, దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థను పెట్టారు. మౌల్వీ అబ్దుల్ హఖ్ దాని తొలి అధిపతి. మాటలు ఎట్లా కట్టాలన్నదానిమీద అక్కడ గట్టి వాదాలే జరిగాయి. అన్నీ అరబ్బీ ధాతువులనుంచే తీయాలని ఒక పక్షం. ఉర్దూ ఆర్యభాషా కుటుంబానికి చెందింది, దాని స్వభావానికి తగ్గట్టు దాని సొంత ఉపసర్గలతో, ప్రత్యయాలతో, హిందీ మాటలతో కూడా కట్టుకోవాలని వహీదుద్దీన్ సలీం. ఆయన 1921లో ఈ విషయం మీదనే 'వజ్-ఎ-ఇస్తిలాహాత్' అనే పుస్తకం రాశాడు. పరిభాషను గురించి ఇంత ఆలోచన మనదేశంలో అరుదుగా జరిగింది. ఆ పని చేసినవాళ్ల శ్రమకు నమస్కరించక తప్పదు. ముఖ్దూం మొహియుద్దీన్‌వంటివాడు ఆ విశ్వవిద్యాలయం బిడ్డే.

కాని అదే 1921లో అదే హైదరాబాదులో, వివేకవర్ధని థియేటరులో జరిగిన సంఘసంస్కరణ సభలో ఒక తెలుగు వక్త తెలుగులో మాట్లాడబోతే గేలిచేసి కూర్చోబెట్టారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జన సంఘం పుట్టింది. రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడే భాషకు సభలో చోటు లేదు, విశ్వవిద్యాలయంలో చోటు లేదు. రసాయనశాస్త్రాన్ని ఇంగ్లీషు కోటలోంచి విడిపించిన చేతులే దానిని ఇంకో కోటలో పెట్టాయి. 1948 సెప్టెంబరు సైనికచర్య తర్వాత కొద్ది సంవత్సరాల్లోనే ఉస్మానియాలో ఉర్దూ మాధ్యమం పోయింది. వచ్చింది తెలుగు కాదు, ఇంగ్లీషు! ముప్పై ఏళ్లు కష్టపడి కట్టిన పరిభాష అలమారలకు ఎక్కింది. తెలుగు జనానికి ఒరిగిందేమీ లేదు. ఆనాడు కొందరు దీనిని తెలుగు విజయమన్నారు. నాకు అట్లా కనిపించదు. ఒక దేశభాషలో ఫిజిక్సూ కెమిస్ట్రీ చెప్పవచ్చునని రుజువైన అనుభవాన్ని తెలుగుకు ఆస్తిగా తీసుకోవలసిందిపోయి, నవాబు సొమ్మని పారేశాం.

తర్వాత 1968లో తెలుగు అకాడమి వచ్చింది. ఇంటర్మీడియట్, డిగ్రీ పుస్తకాలు తెచ్చింది. వేలమంది పల్లెటూరి పిల్లలు వాటితో చదువుకున్నారు, నేనూ వాటితోనే పాఠం చెప్పాను. కాని మాటలు కట్టిన పద్ధతి చూస్తే, దారుల్ తర్జుమాలో అరబ్బీ పక్షంవారు ఎక్కడ కూర్చున్నారో ఇక్కడ సంస్కృతపక్షంవారు సరిగ్గా అక్కడే కూర్చున్నారు. ఆమ్లజని, ఉదజని, నత్రజని అని పూర్వమే మూడు మాటలు పుట్టాయి. ఆమ్లజని పోయింది, ఉదజని పోతున్నది. నత్రజని మాత్రం నిక్షేపంలా వున్నది. ఎందుచేత? యూరియా చల్లే రైతుకు దానితో పని వున్నది. పనిలో పడిన మాట బతికింది. అది సంస్కృతమైనా రైతు పట్టించుకోలేదు, 'జర' అరబ్బీ అయినా పట్టించుకోనట్టే.

ఇంతవరకు చెప్పింది బడి సంగతి. బడికి బయట మాట మరో పనికి వాడబడుతుంది, అది మరీ ముఖ్యం.

ప్రకృతిలో దొరికే యురేనియంలో తేలికగా చీలే 235 రకం నూటికి 0.72 వంతు మాత్రమే. దానిపాలు పెంచితే కొన్నిరకాల రియాక్టర్లకు పనికొస్తుంది, బాగా పెంచి తొంభై దాకా తీసుకుపోతే బాంబుకు పనికొస్తుంది. ఈ పెంచటాన్ని అరబ్బీలో 'తఖ్సీబ్' అంటారు. 'ఖిస్బ్' అంటే నేల సారం, పచ్చదనం. నేలకు ఎరువు వేసి సారవంతం చేయటం కూడా తఖ్సీబే. బాంబుకు తోవతీసే పనిని సేద్యపు మాటతో చెబుతున్నారన్నమాట. ఉర్దూలో 'అఫ్‌జూదగీ' అంటారు, పెంపు అని అర్థం. మరి మన తెలుగు పత్రికలు? ఇరాన్ మీద వార్త ఎప్పుడు వచ్చినా "యురేనియం శుద్ధి" అని రాస్తాయి. శుద్ధి! మలినం తీసేస్తే మంచి సరుకు మిగులుతుందన్న భావం. అక్కడ తీసివేస్తున్నది మలినం కాదు, అదీ యురేనియమే. పైగా ఆ మాటకు మనదేశంలో ఒక చరిత్ర వున్నది. ఎవరు తాకితే ఏది మైలపడుతుందో, ఏ నీళ్లు చల్లితే తిరిగి శుద్ధి అవుతుందో చెప్పిన శాస్త్రాలు మనకు తక్కువేమీ కాదు. ఆ మాటనే తీసుకొచ్చి నగరాలను బూడిద చేసే పదార్థానికి పవిత్రత కట్టబెట్టాం. పాఠ్యపుస్తకాల్లో 'సుసంపన్న యురేనియం' అనే మాట వున్నది, ఇంగ్లీషుకు నీడలాంటిది. అది కూడా సంపదనే తలపిస్తుంది. మూడింటిలోనూ ఉర్దూ మాటే నిజానికి దగ్గరగా వున్నది. పెంచారు, అంతే.

పెంచగా మిగిలిన పిప్పి సంగతి ఇంకా ఘోరం. అందులో 235 రకం 0.2, 0.3 శాతానికి పడిపోతుంది. అది సీసం కన్నా సుమారు 1.7 రెట్లు సాంద్రమైనది గనుక ట్యాంకుల కవచాలను చీల్చే గుండ్లకు వాడతారు. 1991లోనూ, 2003లోనూ ఇరాక్ యుద్ధాల్లో అమెరికా, బ్రిటిష్ సేనలు వాటిని పేల్చాయి. అరబ్బీలో దాని పేరు 'యూరానియూమ్ మునద్దబ్'. ఈ మాట ఎత్తగానే మా పక్కింటి పెద్దాయన, అమ్మాయి తాత, మంచంమీదనుంచి లేచి కూర్చున్నాడు.

"ఆ మాట నేను విన్న మాస్టర్ సాబ్. కువైట్ల మా ఫోర్‌మన్ మిస్రీవాడు. రేడియోల అస్తమానం అదే మాట వస్తుంటే, ఏంది భాయ్ అని అడిగిన. బాయిల నీళ్లు ఇంకిపోతె అంటరు చూడు, గదీ అన్నడు. ఎండిన బాయిల ఏముంటది? గట్లనే అనుకున్నం, ఆ ఎడారిల కాలిన బండ్ల పక్కపొంటి ట్యాంకర్లు తోలినం."

'నదబ' అంటే నీరు నేలలో ఇంకిపోవటమే. మిస్రీవాడు చెప్పిన అర్థంలో తప్పులేదు. తప్పు ఆ మాటలోనే వున్నది, అది అనువదించిన ఇంగ్లీషు మాటలోనే వున్నది. ఎండిన బావి అన్న ఆ పదార్థానికి సహజ యురేనియంలో అరవై శాతం దాకా రేడియోధార్మికత వుంటుంది. గుండు తగిలినప్పుడు అది మండి పొడి అవుతుంది, ఆ పొడి ఊపిరిలోకి పోతే భారలోహపు విషం మూత్రపిండాలకు హాని చేయగలదు. మనవాళ్లు తెలుగులో 'క్షీణ యురేనియం' అన్నారు. క్షీణించినది అంటే ముసలిది, శక్తి ఉడిగినది, దాన్ని చూసి ఎవరు భయపడతారు! సైన్యం ఒక వస్తువుకు పేరు పెడితే ఆ పేరును ఎన్ని భాషల్లోకి అనువదించినా అందులో సైన్యం గొంతే వినపడుతుంది. కువైట్‌లో ఎండలో చెమటోడ్చిన తెలుగువాళ్ల చెవిదాకా, హైదరాబాదీల చెవిదాకా ఆ గొంతు అరబ్బీలో చేరింది. పెద్దాయనకు ఆరోగ్యం బాగానే వున్నది, దాన్ని గురించి కథ అల్లను. కాని ఆయనకు ఆ మాట సరైన అర్థంతో ఎవరూ చెప్పలేదన్నది మాత్రం నిజం.

ఇది దూరదేశం సంగతి అనుకోవద్దు. కడప జిల్లా తుమ్మలపల్లెలో గని వున్నది, యురేనియం తీసే మిల్లు 2012 నుంచి పనిచేస్తున్నది. జార్ఖండ్ జాదూగూడలో ఖనిజాన్ని ఆమ్లంలో కరిగిస్తారు. తుమ్మలపల్లె రాయి సున్నపుజాతి గనుక ఆమ్లం పనికిరాదు, క్షారంతో ఒత్తిడిలో వుడికించి తీస్తారు. ఆ క్షారాన్ని ఇంగ్లీషువాడు 'ఆల్కలీ' అంటాడు. అది అరబ్బీ 'అల్-ఖలీ', చవిటినేలల మొక్కను కాల్చిన బూడిద. కడప రాయిలోంచి యురేనియాన్ని బయటికి లాగే వస్తువు పేరే అరబ్బీ! అక్కడినుంచి సరుకు హైదరాబాదుకే వస్తుంది. 1971లో పెట్టిన అణు ఇంధన సముదాయం మా బస్తీకి నగరంలో అవతలి కొసన వున్నది. యురేనియం వెదికే సంస్థ ప్రధాన కార్యాలయం బేగంపేటలో, మాకు కూతవేటు దూరంలో. రాయిలో వున్నది, ఫ్యాక్టరీలో వున్నది, కార్యాలయంలో వున్నది, మాటలోనే లేదు.

నల్లగొండ జిల్లా లంబాపూర్, పెద్దగట్టు ప్రాంతంలో గనులు తవ్వాలన్న ప్రతిపాదన నలిగిన రోజుల్లో కృష్ణ ఒడ్డున మా బంధువుల ఊరికి పోయాను. మా మేనత్త వరసైన ముసలామె, "గది యురేనియమో ఉరేనియమో బిడ్డా, మా మెడకైతె పడేటట్టున్నది" అన్నది. నిఘంటువుల్లో నాకు దొరకని వ్యుత్పత్తి అది. 2019లో నల్లమలలో వెదుకులాట మొదలవుతుందన్నప్పుడు అమ్రాబాద్ వైపు చెంచులూ, ఊళ్లవాళ్లూ, పట్నంలో విద్యార్థులూ కదిలారు. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకాలు వద్దని తీర్మానించింది. ఆ ఉద్యమంలో 'యురేనియం' తెలుగు మాటైపోయింది. పండితులు అనువదించలేదు, అకాడమి ఆమోదముద్ర వేయలేదు. గోడలమీద బొగ్గుతో రాయగా అయింది.

కాని ఒక్క మాట చాలదు. యురేనియం గని పెట్టేముందు ప్రజాభిప్రాయసేకరణ జరపాలని 2025 దాకా నిబంధన వుండేది. పర్యావరణ ప్రభావ నివేదిక సారాంశం స్థానిక భాషలో కూడా ఇవ్వాలని 2006 నోటిఫికేషన్ చెబుతున్నది. సారాంశం! అసలు నివేదిక లావుపాటి ఇంగ్లీషు గ్రంథంగా వుంటే, సారాంశంలో 'అర్ధజీవిత కాలం', 'వికిరణం', 'వ్యర్థాల కొలను' అన్న మాటలు ఏ వివరణా లేకుండా దొర్లితే, చేతిలో మైకు పెట్టి "మీ అభిప్రాయం చెప్పండి" అనటం ఏమి న్యాయం? అరబ్బీలో అర్ధజీవిత కాలాన్ని 'ఉమ్రున్నిస్ఫ్' అంటారు, సగం వయసు. ఆ ముసలామెకు "దీని సగం వయసు నాలుగువందల నలభై ఏడు కోట్ల ఏండ్లు" అని చెబితే, నివేదికలో వంద పేజీలు చెప్పలేనిది ఆమెకు అర్థమవుతుంది.

జనం తమంత తాము చేసుకున్న మాటలూ వున్నాయి. ఎర్రగడ్డ రోడ్డుమీద 'రేడియం వర్క్స్' అన్న బోర్డు కనిపిస్తుంది. ఆటోల వెనక, మోటారు సైకిళ్లమీద దేవుడి పేరో, కొడుకు పేరో, సినిమా హీరో బొమ్మో మెరిసే కాగితంతో కోసి అంటిస్తారు. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడు లిపులూ ఒకే కత్తెర కింద నలుగుతాయి. అందులో రేడియం జర కూడా లేదు. వెలుతురు పడితే తిరిగి మెరిసే కాగితం అది, చీకట్లో తనంత తాను వెలిగే గడియారపు అంకెల జ్ఞాపకం దానికి ఆ పేరు తెచ్చింది. రెడ్‌హిల్స్‌లో 1955లో మెహదీ నవాజ్ జంగ్ పేర వెలసిన క్యాన్సర్ ఆసుపత్రి పేరులో మాత్రం నిజమైన రేడియం వుండేది. రేడియం ఇన్‌స్టిట్యూట్ అనే పిలిచేవారు. బంజారాహిల్స్‌ను తొలిగా నివాసస్థలం చేసినవారిలో ఆయన ఒకరు. అక్కడికి పోయివచ్చినవాళ్లు, పల్లెవాళ్లయినా బస్తీవాళ్లయినా, వికిరణ చికిత్స అనరు, తాబ్‌కారీ అనరు. "కరెంటు పెట్టిండ్రు" అంటారు. కంటికి కనబడక ఒంట్లోకి పోయి కాల్చేదానికి వాళ్లకు తెలిసిన మాట అదొక్కటే. శాస్త్రం ప్రకారం తప్పు. కాని ఆ తప్పుమాటలో వున్నంత భయమూ, ఆశా మన పరిభాష మొత్తంలో లేవు. దాన్ని దిద్దదలచినవాడు ముందు దాని పక్కన కూర్చోవాలి.

మా పని ఇంకా సాగుతున్నది. ఇప్పుడు ఎదురింటి తెలుగు మీడియం కుర్రవాడు కూడా చేరాడు. ఒక పొడుగాటి నోటుపుస్తకంలో మూడు నిలువుగళ్లు గీశారు - ఉర్దూ, అరబ్బీ, తెలుగు. ఒకచోట కేంద్రకం పక్కన వాడు 'టెంక' అని రాశాడు. అమ్మాయి నవాత్ పక్కన ఖర్జూరం బొమ్మ వేసింది. తరిగిన యురేనియానికి 'పిప్పి యురేనియం' అని పెద్దాయన ఇచ్చిన మాటను ఇద్దరూ ఒప్పుకున్నారు. చెరకుపిప్పి కూడా మండుతుంది గదా అని ఆయన వాదన. పెంచిన యురేనియం దగ్గర మాత్రం తెగలేదు. 'శుద్ధి' కొట్టేశారు. వాడు 'పెంచిన' అని రాస్తే, ఏమి పెంచారో తెలియటం లేదని అమ్మాయి అభ్యంతరం. 'చీలేపాలు పెంచిన' అని నేనంటే పొడుగైపోయిందని ఇద్దరూ కలిసి నన్ను తోసిపుచ్చారు. ఆ గడి ఇంకా ఖాళీగానే వున్నది.